ఊరికే ఉన్నప్పుడు

ఊరికే ఉంటే వణకతాది మేడం.
గుండు మింద పెడితే నిలబడతాది.

ఇదే గుర్తంట. రుయా ఓపీలో నరాల డాక్టరమ్మ
నత్తగుల్ల మాదిరి సుడి గీయమనింది.
గీస్తే, లోపలికి పోయేకొద్దీ
చీమ కాలంత.

కల్యాణకట్ట రిజిస్టర్లో నా సంతకమూ అంతే.
పోయినేడు మునస్వామి గడి దాటి పోయేటోడు,
ఇప్పుడు 'ము' కాడే ముడుక్కుంటాడు.

వాసన ఎప్పుడు పోయిందని అడిగింది.
పోయిందని అప్పుడే తెలిసింది నాకు.
తడి వెంట్రుకలు, గంధం,
ముప్పై ఏండ్లుగా నా చొక్కాలో ఉన్న కొండ
చెప్పకుండా దిగిపోయింది.

మెదడు అడుగున నల్లటి మచ్చంత చోటుందంట,
ఆడ ఊట ఎండతా ఉండాదంట.
ఎన్ని తలకాయలు పట్టింది ఈ చెయ్యి!
ఒక్కదాని లోపలా ఏముందని
అడిగిన పాపాన పోలేదు.

నిన్న ఒక పసిబిడ్డ.
మాడు ఇంకా కొట్టుకుంటా ఉండాది,
మెత్తగా, కప్ప గొంతు మాదిరి.
వాడు గుక్క పట్టి ఏడస్తాడు,
బ్లేడు మాత్రం
నీళ్ళ మింద ఆకు పోయినట్టు పోయింది.

గంధం పూసి ఎత్తుకున్నారు.
నేను ఊరికే కూర్చున్నా.
అప్పుడు మొదులైంది.
వాళ్ళమ్మ ఇటు తిరిగేలోపల
చేతిని తొడ కింద పెట్టుకోని
నవ్వినా.