గట్టిగా అన్న మాట

వించిపేటలో మా మేడ మీది గది.
ఆపా నిఖా రోజు, ఎర్ర దుపట్టా కింద
ఆమె చెయ్యి నా చేతిలో ఉంది.

వకీలూ ఇద్దరు గవాలూ తెర దాకా వచ్చారు.
పెళ్ళికొడుకు పేరు చెప్పారు, మెహర్ చెప్పారు,
ఒప్పుకుంటున్నావా అమ్మా అన్నారు.
ఆపా పలకలేదు.
రెండోసారీ పలకలేదు.
"కన్నెపిల్ల మౌనమే ఒప్పుకోలు బాబూ" అంది నానీ.
కింద ఖర్జూరాలు పంచేశారు.

ఆ మౌనంలో ఆపా వేలు
నా అరచేతిలో ఏదో రాస్తూనే ఉంది.
ఒక అక్షరం. మళ్ళీ అదే అక్షరం.
నాకప్పుడు పదమూడేళ్ళు, చదవడం రాలేదు.
ఆ చేత్తోనే వలీమా అన్నం తిన్నాను.

మీరావలి ఆటోనగర్‌లో లారీల వెనక అక్షరాలు రాస్తాడు.
పంజా సెంటర్ జిరాక్స్ షాపులో
నాకు తక్కువైన రెండు రూపాయలు అతనిచ్చాడు,
గోళ్ళ కింద పసుపు రంగు.
ఆ తర్వాత వారధి మీద, కాలేజీ బస్సు కిటికీలోంచి,
ముందు పోయే లారీ నంబరు కింద
బొటనవేలంత పచ్చ పిట్ట కనిపిస్తే
నిన్న అతనికి పని దొరికిందన్నమాట.
నా నఖాబ్ లోపల నేనెంత నవ్వానో
పక్క సీటు పిల్లక్కూడా తెలీదు.

మేం ముట్టుకోలేదు.
అబద్ధం.
ఒక్కసారి, కృష్ణ ఒడ్డున మెట్ల దగ్గర, చెయ్యి మాత్రమే.
అల్లాకి చెప్పాను. అమ్మీకి చెప్పలేదు.

వాళ్ళమ్మే మా ఇంటికొచ్చి అడిగింది.
"రంగులేసుకునేవాడికా" అని అబ్బా
రెండు రంజాన్లు నానబెట్టి ఊ అన్నాడు.

మళ్ళీ అదే గది, అదే తెర.
వకీలు పేరు పూర్తి చెయ్యకముందే
"ఖుబూల్" అన్నాను.
కింద దేగ్ కలిపే వంటాయనక్కూడా వినబడిందట.

గదిలో గాజులన్నీ ఆగిపోయాయి.
ఖాలా తొడ మీద గిల్లింది:
"షరమ్ లేదుటే? కాస్త ఏడువు, కనీసం!"
కాదంటే తప్పని చిన్నప్పట్నుంచీ తెలుసు.
ఇంత గట్టిగా అవునన్నా తప్పేనని
ఇప్పుడే తెలిసింది.

ఆపా మూలన కూర్చుని ఉంది, ఒళ్ళో రెండో బిడ్డ.
కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది,
భుజాలు కదిలిపోయేలా.
నవ్వేనా?

లేచి వచ్చి పక్కన కూర్చుంది.
నేను అరచెయ్యి చాపాను.
ఏమీ రాయలేదు.
నా వేళ్ళు ఒక్కొక్కటే మడిచి
పిడికిలి చేసి
నా ఒళ్ళోనే పెట్టింది.