గుమ్మడిపండు రంగుకో నంబరు

రుషికొండ రిసార్టు వాళ్ళు
వాట్సాప్‌లో అయిదు రంగులు పంపించారు.
అయిదు చదరాలు, కింద నంబర్లు.
గుమ్మడిపండు: ఎఫ్‌ఎఫ్ డెబ్బై అయిదు పద్దెనిమిది.
తర్వాత ఎండుటాకు, తుప్పు, వంకాయ ఊదా, నలుపు.
"హాలోవీన్ నైట్ అండీ, ముప్ఫై ఒకటిన.
ఆటమ్ ఫీల్ రావాలి" అన్నాడు మేనేజరు క్లెమెంట్.
సరేనన్నాను.
డైమండ్ పార్కు వెనక రెండో అంతస్తులో కూర్చుని
సరే అనకపోతే కరెంటు బిల్లు కట్టలేం.

ఆటమ్ నేనెప్పుడూ చూళ్ళేదు.
మా ఊళ్ళో అక్టోబరంటే
గొడుగు అటక మీద పెట్టాలా వద్దా అన్న సందేహం,
బంగాళాఖాతంలో ఎక్కడో
ఒక సున్నా చుట్టుకుంటోందన్న వార్త,
పోర్టులో మూడో నంబరు హెచ్చరిక.

తుప్పయితే తెలుసు.
ఫిషింగ్ హార్బర్‌లో ఒడ్డుకెక్కించిన బోట్లకి
మేకుల దగ్గర మొదలై
చీదని ముక్కులా కిందికి కారే తుప్పు.
మా బాల్కనీ గ్రిల్లుకి ఏటా రెండు కోటింగులు వేసినా
ఉప్పుగాలి గోరు పెట్టి గీకి బయటికి లాగే తుప్పు.
వాళ్ళ నంబరుది అంత వయసు కాదు.
కాస్త మెజెంటా కలిపాను, చిటికెడు నలుపు.
నలుపు సంగతి వన్‌టౌన్‌లో మా పిన్నినడగాలి,
పొద్దున్న తెల్ల దుప్పటి ఆరేసి
సాయంత్రానికి బొగ్గునుసి దులుపుకునే మనిషి.

గుమ్మడి దగ్గర చెయ్యి ఆగింది.
వాళ్ళ కాయకి కళ్ళు చెక్కి, పళ్ళు చెక్కి, కడుపులో దీపం పెట్టారు.
మా వీధి గుమ్మాలకి వేలాడే బూడిద గుమ్మడికీ
కళ్ళున్నాయి, కోరమీసం ఉంది.
ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం,
జీతాలే వేరు.

"మేపుల్ ఆకు కదండీ నేనడిగింది?"
మూడో ఫోనులో క్లెమెంట్.
నేను పెట్టింది బాదం ఆకు.
బీచ్‌రోడ్డులో రాలితే తెచ్చి స్కాన్ చేశాను.
అంచున ఎరుపు, ఈనె పక్కన ఇంకా వదలని పచ్చ,
పురుగు తిన్నచోట చిల్లు.
"బావుంది గానీ..." అన్నాడు.
ఆ 'గానీ' తర్వాత ఏముంటుందో
పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నవాళ్ళెవరినైనా అడగండి.
మేపుల్ పెట్టాను. పదకొండు, ఉచితంగా దొరికినవి.

రాత్రి వాటిని ఒక్కొక్కటే తిప్పి, రాల్చుతుంటే
గుర్తొచ్చింది, ఇందాక నేను చెప్పింది అబద్ధం.
ఆటమ్ చూశాను. ఒక్కసారి.

హుద్‌హుద్ వెళ్ళిన మర్నాడు.
అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, ఎంవీపీ కాలనీలో ఉండేవాళ్ళం.
డాబా ఎక్కితే కైలాసగిరి
నిప్పు లేకుండానే కాలిపోయి ఉంది.
కొమ్మకి మిగిలిన ప్రతి ఆకూ ఉప్పుకి మాడి
సరిగ్గా ఆ రెండో చదరం రంగు.
అంతకుముందు మా డాబా మీంచి సముద్రం కనబడేది కాదు.
ఆ పొద్దున కనబడింది,
అడ్డున్న చెట్లు లేవు.
బకెట్లో నీళ్ళు చెంబుతో కొలుస్తూ అమ్మ
"దానివైపు చూడకు" అంది,
తప్పుచేసిన చుట్టాన్ని గురించి అన్నట్టు.
రాత్రికి వీధంతా కొవ్వొత్తులు.
ఎవరూ దాన్ని పాలెట్ అనలేదు.

ఇరవై రోజులకేమో, మోడుల్లోంచి చిగురొచ్చింది.
ఆ పచ్చ వాళ్ళ అయిదింట్లో లేదు.
పోస్టరు మూలన, ప్రింటరు గుర్తు పక్కన,
ఆవగింజంత చుక్కగా పెట్టాను.
ఎవరూ అడగలేదు.

ఫ్లెక్స్ దిగాక లోవరాజు పిలిచాడు.
"అక్కా, ఆరెంజి ఇటికరంగు దిగింది. మళ్ళీ కొట్టమంటావా?"
వెళ్ళి చూశాను. తడి సిరా వాసన.
ఎర్రమట్టి దిబ్బల మీద నాలుగింటి ఎండలా ఉంది.
"వద్దులే" అన్నాను.
"ఎండకి నెల్లో చామంతైపోద్ది" అన్నాడు వాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

డిసెంబరులో ఆర్కే బీచ్‌లో కనబడింది,
ముంతమసాలా బండికి పైకప్పుగా.
వంకాయ ఊదా వెలిసి సున్నమైంది,
మేపుల్ ఆకుల మీద కాకి రెట్ట,
నా పచ్చచుక్క మీద తాడు ముడి.
మొత్తం తిరగేసి కట్టాడు,
దాంతో నా గబ్బిలం, మొదటిసారి,
గబ్బిలంలా వేలాడుతోంది.

నిమ్మకాయ ఇంకొంచెం పిండమన్నాను.