ఎక్కేటి కోణం

"హాలేజీ తాడు తొమ్మిదొందల అడుగులు.
తాడు ఆగిన కాడ లోతు రెండొందల ఇరవై అయిదు."
రాత్రి షిఫ్టు దిగొచ్చి, గోలెం కాడ
చెవులల్ల బొగ్గు కడుక్కుంట
ఓదెలు బాపు చెప్పిన లెక్క ఇంతే.
మూడో కొలత నేనడుగలే.

గోదావరిఖని క్వార్టర్ల మెట్ల మీద
పాత క్యాలెండర్ తిరగేసి త్రిభుజం గీసిన.
కర్ణం తాడు. ఎదుటి భుజం లోతు.
భాగిస్తే పావు.
సైన్ పట్టికల ఆ పావును వెతుక్కుంట పోతే
వేలు ఆగింది:
పద్నాలుగు డిగ్రీల ఇరవై తొమ్మిది నిమిషాలు.

గింతేనా బాపూ?
ఈ వాలుకు చీమ సుత జారదు గదా!

బాపు నవ్వలే. అరచెయ్యి చాపి
గాలిల ఒక వాలు పట్టిండు, కదలకుంట.
కోణమానిని ఆనిచ్చి చూస్తే
పదిహేను.
ఏ పట్టికా లేకుంట, ఇరవై రెండేండ్ల మోకాళ్లతోటి,
అర డిగ్రీ తేడా.

"నువ్వు తీసింది దిగేటి కోణం బిడ్డా.
ఎక్కేటిది వేరే ఉంటది."

రెండూ ఒకటే బాపూ, ఏకాంతర కోణాలు
అని నోటిదాకా వచ్చింది.
బాపు అప్పటికే గోడకు ఒరిగి
మోకాలి చిప్పకు నూనె రుద్దుకుంటుండు.

జవాబు పక్కన ఆ అర డిగ్రీ రాసుకున్న.
కొట్టెయ్యలే.