జుర్మానా

పొద్దుగాల అయిదు కాకముందే
డిపో మేనేజర్ లేస్తడు.
మా పుంజు పేరది. పెట్టింది నేను కాదు,
గోడవతలి జహంగీర్ సాబ్.
"డ్యూటీ ఎక్కుమని ఇట్లనే మొత్తుకునేటోడమ్మా,
ఇరవై ఎనిమిదేండ్లు."

ఇది కౌకూరు. కాయిదాల మీద పట్నమే.
నూటిరవై గజాలల్ల రెండు రేకుల అర్రలు,
ఒక బొప్పాయి చెట్టు,
పాత కూలర్ డొక్కుల ఆరు కోళ్లు.
వెనుక లేస్తున్న ఎనిమిదంతస్తులోళ్లు
కూతకు నిద్ర పాడైతుందని
వాచ్‌మన్‌ను తోలిన్రు ఒకపారి.
పోరడు పాలమూరు దిక్కోడు.
కూసుండి చాయ తాగిండు,
పుంజును జరసేపు చూసుకుంట నిలవడి
ఏమనకుంట పోయిండు.

జహంగీర్ సాబ్‌కు డెబ్బై తొమ్మిది.
ఒంటిగ ఉంటడు, ఒకరి కాడ చెయ్యి చాపడు.
గుడ్డు ఇస్తె పైసలు తీస్కొమ్మన్నడు,
పైసలొద్దంటె గుడ్డొద్దన్నడు.
ఆ వారమే బోడమెడ పెట్ట గోడ దుంకి
ఆయన కొత్తిమీర మడి కెలికి పెట్టింది.
దేవుడు మంచోడు. పెట్ట ఇంకా మంచిది.
"జుర్మానా సాబ్," అన్న. "రోజుకొక గుడ్డు.
ఎన్ని దినాలన్నది నువ్వే లెక్కగట్టు."
టికెట్లు కొట్టిన మనిషి,
లెక్కంటె కాదనలేడు.
నాలుగేండ్లాయె, బాకీ తీరలే.
పెట్ట మర్చిపోయిన నాడు
నేనే గోడవతలికి రెండు నూకలిసిరి దాన్ని దింపుత.

గోడ మీద డాల్డా డబ్బ, అందుల గుడ్డు.
నాకు చెవులెంతో ఆయనకెర్క,
ఆయనకు చూపెంతో నాకెర్క.
గుడ్డు తీస్కున్నంక
మెడల పాత డ్యూటీ విజిల్ రెండుసార్లు ఊదుతడు.
రైట్, రైట్.
అంటె, లేచిన, కాళ్లాడుతున్నయి, నీ బండి పోనియ్యి.
అప్పుడు నేను పొయ్యి ముట్టిస్త.
ఇట్లని ఎన్నడు మాట్లాడుకోలే.

మొన్న ముసురు. నేలంత పాచి.
ఒక్కటే విజిల్.
రెండోదానికి చూసిన.
చేతుల నూకలు చేతులనే ఉన్నయి.
కోళ్లు సుత తలలెత్తి నిలవడ్డయి.
అబద్ధమెందుకు, అవి నూకల కోసమే.
ఒక్క విజిలంటె హోల్డాన్.
మోకాళ్ల నొప్పులు నాకు యాదికి రాలే.
కుచ్చిళ్లు బొడ్ల చెక్కి, బోర్లించిన కుండ మీద కాలు పెట్టి,
అరవై ఆరేండ్ల మొగులమ్మను,
గోడెక్కిన.

నల్లా కాడ పడ్డడు. తుంటి.
విజిల్ ఇంకా పండ్ల నడుమనే.
గుడ్డు మాత్రం గుప్పిట్ల భద్రం, పగుల్లే.
"ఇయ్యాల్టిది ముట్టింది," అన్నడు.
"రాసుకో."

నర్సింగ్ ఆటోల గాంధీ దవాఖానకు.
ఎముకల వార్డుల పదకొండు దినాలు.
ఉడకేసిన గుడ్డు కొంగున కట్టుకొని పోత.
"మీకేమైతడు?" అంటది నర్సు.
ఏమని చెప్పాలె.
"మా కోళ్లు ఈయనకు బాకీ," అన్న.
పెన్ను పట్టుకొని ఆగిపోయింది పిల్ల.

నిన్న విజిల్ తీసి నా చేతుల పెట్టిండు.
"నేనొచ్చేదాంక డ్యూటీ నీదే.
అవునుగని,
నువ్వు లేచినవా లేదా అని ఎవరు చూస్తున్రు?"
నేనేమనలే.
బస్సంత ఆ విజిల్‌ను పిసుక్కుంట వచ్చిన.

ఇయ్యాల పొద్దుగాల గుడ్డు డబ్బల పెట్టిన,
చేతికి అలవాటు.
తీసేటోడు లేడు.
విజిలూదితె ఉత్త గాలే వచ్చింది, ఉమ్మి వచ్చింది.
బలం పట్టి మళ్ల ఊదిన.
కోళ్లన్ని కూలర్ డొక్కుల దూరినయి.
కడుతున్న మూడో అంతస్తుకెళ్లి
వాచ్‌మన్ పోరడు తొంగి చూసి
"ఏందవ్వా, ఏమైంది?" అని కేకేసిండు.

డబ్బల గుడ్డు తీసి పైకి చూపిచ్చిన.
"నీ నిద్ర పాడు చేసినందుకు బిడ్డా," అన్న,
"జుర్మానా."