అంచు

"డబ్బులిచ్చి డబ్బులు కొనుక్కొస్తారా ఎవరైనా?"
అని గంగరత్న అడిగినప్పుడు
నా దగ్గర జవాబు లేదు.
ఆరు వందలు పోసి తెచ్చింది
చింతపిక్కంత రాగి.
దాంతో ఇవాళ చిక్కపేటలో
ఒక్క పచ్చిమిరపకాయ కూడా రాదు.

ఆదివారం పొద్దున, అవెన్యూ రోడ్డు.
షట్టరు దించిన పుస్తకాల కొట్టు ముందు
పాత పేపరు పరుచుకుని బుడన్ సాబ్.
చచ్చిపోయిన చేతిగడియారాలు, చెవులు లేని తాళాలు,
ఒక మూల కుప్పగా చిల్లర,
రాజులంతా ఒకే రాశిలో
ఎవరి మీద ఎవరు పడ్డారో తెలీకుండా.
"నోడి సార్, విజయనగర. దేవరాయ. ఆనె."

ఏనుగు నిజంగానే ఉంది,
తొండం, దంతం, తోక చివరి కుచ్చుతో సహా.
వెనక నాగరి అక్షరాలు
నిన్న చెక్కినంత స్పష్టంగా.
నేను కొత్త.
స్పష్టంగా ఉంటే మంచిదనుకున్నాను.
బేరం కూడా సిగ్గుపడుతూ ఆడాను,
ఏనుగు వింటుందేమో అన్నట్టు.

నా పని పళ్ళు కట్టడం.
శ్రీరాంపురంలో మెట్ల కింద గది.
డాక్టర్లు పంపే అచ్చులు, మైనం,
మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం పోయడం.
ఇరవై రెండేళ్ళు.
సోమవారం మధ్యాహ్నం
ఎవరిదో కోరపంటికి మెరుగు పెడుతూ
అదే భూతద్దం కింద
ఏనుగును పెట్టాను, ఊరికే.

ముందు బుడగలు కనిపించాయి.
పొట్ట మీద సూదిమొనంత గుంటలు,
పోసేటప్పుడు గాలి చిక్కుకుంటే వచ్చేవి.
తర్వాత అంచు తిప్పాను.
చుట్టూ సన్నని గీత.
రెండు అచ్చులు కలిసిన చోటు,
ఆకురాయితో అరగదీసినా పూర్తిగా పోనిది.
ఆ గీతను నేను రోజూ అరగదీస్తాను.
ఇంకొకడు రాసిన తీరు చూస్తే
వాడి చెయ్యి ఎటు వాలుతుందో చెప్పగలను.
ఎడమచేతి వాటం. తొందరమనిషి.
పనిమంతుడే.

కోపం వచ్చింది గానీ నా మీదికే.
చెల్లని రూపాయికి గీతలెక్కువని
మా అవ్వ బాగేపల్లి సంతలో
వందసార్లు అనుంటుంది.

మళ్ళీ ఆదివారం.
బుడన్ సాబ్ కాదనలేదు, అవుననలేదు.
"నీకెలా తెలిసింది?" అన్నాడు.
నా పనేమిటో చెప్పాను.
వెంటనే నోరు తెరిచాడు.
పై వరసలో కట్టుడుపళ్ళు ఊగుతున్నాయి,
అన్నం నములుతుంటే ఊడి చేతిలోకి వస్తాయట.
వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే
నడిరోడ్డు మీద వంగి
ఒక ముసలాయన నోట్లోకి తొంగి చూశాను.
అదీ ఎవరిదో తొందరపనే.

పళ్ళు సరిచేసి ఇచ్చిన రోజు
జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.
లోపల ఒక రాగి ముక్క.
అంచున పగులు,
సుత్తి దెబ్బకి లోహం విచ్చుకున్న పగులు.
అచ్చులో పోస్తే అది రాదు.
ఏనుగు వీపు, రెండు కాళ్ళు, అంతే.
ముద్ర పక్కకి పడి
తొండం గాల్లోకి పోయింది.
వెనక్కి తిప్పితే
"దేవ" ఉండాల్సిన చోట రాగి అయిపోయింది,
"రాయ" ఒక్కటీ సగం అరిగి ఉంది.
దేవుడు పోగా మిగిలిన రాయి అనుకుని
మెట్రోలో ఒక్కణ్ణే నవ్వాను.
పక్కాయన జరిగి కూర్చున్నాడు.

ఆ పూట సుత్తి పట్టినవాడి
కంట్లో చెమట పడిందా,
వెనక నుంచి ఎవరైనా పిలిచారా,
లేక రోజుకి ఇన్నని లెక్క తీరాలి గనక
పడిన చోట పడనీ అనుకున్నాడా.
అలాంటి రోజులు నాకూ ఉన్నాయి.
అవి ఎవరెవరి నోళ్ళలోనో
అన్నం నములుతున్నాయి.

రెండింటినీ పళ్ళు పెట్టే పళ్ళెంలో
పక్కపక్క గుంటల్లో పెట్టి ఇంటికి తెచ్చాను.
గంగరత్న దీపం దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది.
దొంగ ఏనుగును వేలితో తట్టి
"ఇది బాగుంది" అంది.
"ఆ రెండోదాన్ని ఎవరు కొరికారు?"