నడక నేర్పినందుకు

గుణుపురం రైలు పట్టాల పక్కన
మూతబడ్డ రైసుమిల్లు మాది, అంటే అద్దెకి.
తవుడు వాసన ఇంకా పోలేదు.
తెర లేదు. వడ్లు ఆరబోసిన గచ్చే వేదిక.
ఐదుగురం. మేమే ఆడతాం, మేమే ఊడుస్తాం,
కరెంటు బిల్లు దగ్గర మేమే పోట్లాడుకుంటాం.
చేతులెత్తి లెక్కపెట్టందే ఇక్కడ ఏదీ జరగదు.
లైటు ఎరుపా పసుపా,
నిశ్శబ్దం రెండు నిమిషాలా నాలుగా,
మినతి అడుగు ముందుకా, అసలు అడుగే వద్దా.
పద్దు రాసేది నేను.

పర్లాకిమిడిలో మొదటి ప్రదర్శనకి పదకొండు మంది.
అందులో ముగ్గురు వానకి ఆగినవాళ్ళు.
"దండనాటమా?" అన్నాడొకాయన.
"మరి పాటేదీ?" అంది ఆయన పెళ్ళాం.
రింకి పాదం గచ్చుకి రాసుకున్న చప్పుడే పాట అని
ఒడియాలో చెప్పాలో తెలుగులో చెప్పాలో తేలక
ఊరుకున్నాను.

బస్తా లేకుండా బస్తా మోయడం,
మూడు నెలలు సాధన చేసిన ముక్క.
వెన్ను వంచాం, మెడ వాల్చాం,
చెమట మాత్రం నిజంగానే పట్టింది.
వెనకనించి నవ్వు.
గవరయ్య. ఈ మిల్లులోనే ఇరవై ఆరేళ్ళు కళాసీ.
"ఏటమ్మా, అలగ ఏడుస్తూ మోస్తే
పొద్దోయేసరికి ఎన్ని బస్తాలౌతాయి?
బరువు బుజం మీద ఉండదు గుంటా,
మడమలోన ఉంటాది."

లేచి చూపిస్తాడనుకున్నాం. లేవలేదు.
మోకాళ్ళు అరిగిపోయాయట.
కూచున్న చోటే ముందుకి వంగి
రెండు అరచేతులతో గచ్చు మీద నడిచాడు:
లారీకి వేసిన బల్ల ఎక్కడం,
బల్ల ఊగడం,
ఊగిన బల్ల మాట విని
ఒక్క రవ్వ ఆగడం.
ఆ ఆగిన చోట
జగ్గారావు లైటు మార్చడం మరిచిపోయాడు.

మర్నాడు మళ్ళీ చేతులెత్తాం.
శాలువా కప్పుదామంది హేమ.
"శాలువా ఏటి సేసుకోను? కూలివ్వండి" అన్నాడు గవరయ్య.
అనుకూలం ఐదు. వ్యతిరేకం సున్న.

జనరేటరు కిరాయి కింద,
టీ, మరమరాల పైన
రాశాను:
గవరయ్య గారికి, నడక నేర్పినందుకు, నాలుగు వందలు.
వేలిముద్ర అడిగితే
కుడి మడమ చాపాడు.
రింకి నవ్వుతూ స్టాంపు ప్యాడు పట్టుకుంది,
చాల్లేదు, సిరా సీసా వంచాం.

ఆ పేజీలో మొత్తం ఎంతయిందో
ఇప్పటికీ కనబడదు.