కొస కొళాయి

తెల్లారి ఐదున్నరకి నీళ్ళొదులుతారు.
ఐదింటికే నేను సైకిలెక్కుతాను.
హ్యాండిల్‌కి సద్దిసంచి, సంచిలో సద్ది లేదు,
పద్నాలుగు గాజు సీసాలు,
మందుచుక్కల బుడ్డి, అట్ట రిజిస్టరు.
కార్పొరేషన్‌లో నా పేరు లేదు,
ఏజెన్సీ లిస్టులో ఉంది:
మద్దిలేటి, శాంపిలర్.

ట్యాంకు కింద మొదటి కొళాయి.
ఐదు చుక్కలేస్తే
గడపకి రాసిన పసుపంత పసుపు.
అక్కడ్నుంచి ఊరు దిగేకొద్దీ రంగు పలచబడుతుంది.
బుధవారపేటలో నిమ్మతొక్క,
రెండు మలుపులు తిరిగితే ఎండుగడ్డి.
హంద్రీ ఒడ్డున
గోడల మీద వరదగీత ఇంకా చెరగని సందులో
ఖైరున్‌బీ ఇంటి ముందర కొస కొళాయి.
ఐదు చుక్కలు. ఆరు. ఏడు.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

నీళ్ళు తేటగా ఉంటే భయపడే ఉద్యోగం నాది.

"ఏం బేటా, దినామూ వచ్చి సీసాకి పట్టుకపోతాండావ్,
మా నీళ్ళు మాకు ఎప్పుడు తిరిగిస్తావ్?"
నవ్వుతాంది,
నలుగురు మనవళ్ళకి అవే నీళ్ళు
చెంబుతో వంచుతా.

ఇంకో చిన్న సీసా ఉంది నా దగ్గర, అడుగున కాగితం ముక్కతో.
నీళ్ళు పోసి వెచ్చగా ఉంచాల,
మురుగు కలిసుంటే నల్లబడుతుంది.
ల్యాబులో వెచ్చపెట్టె చెడిపోయి రెండు నెలలు.
కాగితం పైకి పోయింది, కిందికి రాలేదు.
బయట డిసెంబరు చలి.
సీసాని పాత లుంగీలో చుట్టి
పక్కలో పెట్టుకొని పడుకున్నాను.
"ఏం పొదుగుతాండావు?" అనింది నా పెండ్లాం.
రాత్రంతా అటు దొర్లలేదు, ఇటు దొర్లలేదు.
తెల్లారి గుడ్డ విప్పితే
సిరా.

రిజిస్టరులో రాసినాను:
కొస కొళాయి. తాగడానికి పనికిరాదు.
ఇంజనీరు సారు చదివినాడు,
కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళా చదివినాడు,
"ఇంకోసారి తీయి" అన్నాడు.
తీసినాను. ఇంకో రాత్రి పొదిగినాను.
అదే నలుపు.

మూడోనాడు గడ్డపారలు వచ్చినాయి.
సందు సగం తవ్వినారు.
గుంటలో తడి నెమ్మదిగా పాకి
ఖైరున్‌బీ మెట్టు కిందికి దారి చూపించింది.

బేతంచెర్ల నాపరాయి మెట్టు.
పాత మెట్టుని వరద ఎత్తుకపోయినాక
రుమాళ్ళకి అంచులు కుట్టి కుట్టి
పదకొండు నెలలకి కొనుక్కున్నది.

ఎవరూ పార ఎత్తలేదు.
ఆమె నన్ను చూసింది, నా చేతిలో సీసాని చూసింది.
"ఆ నలుపు మా నీళ్ళదేనా?"
"మీదే."
లోపలికి పోయి
చిన్నోడి పాత చొక్కా తెచ్చి
మెట్టు మీద దుమ్ము తుడిచింది,
చుట్టాలొచ్చే ముందర తుడిచినట్టు.
పక్కకి జరిగింది.

రాయి ఒక్క దెబ్బకి పగల్లేదు.
దాని కింద మురుగు గొట్టమూ మంచినీళ్ళ గొట్టమూ
తగువు తీరిన దాయాదుల మాదిరి
ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి.

కొత్త గొట్టమేసినాక
మొదటిరోజు పసుపు రాలేదు.
మర్నాడూ రాలేదు.
నాలుగోనాడు వచ్చింది,
చెప్తే తప్ప కనపడనంత.
ఖైరున్‌బీ సీసాని ఎండకి ఎత్తిపట్టుకొని
చానాసేపు చూసింది.
"ఇంతేనా?"
ఇంతే.

మెట్టు డబ్బులకి అర్జీ రాసిచ్చినాను.
ఆ కాగితమూ పైకే పోయింది.
గడప ముందర రెండు ఇటుకపెళ్ళలు పెట్టుకున్నారు,
పిల్లోళ్ళు వాటి మీదినుంచి దూకుతా బడికి పోతాండారు.

వెచ్చపెట్టె ఇంకా బాగుకాలేదు.
ఈ రాత్రి నా పక్కలో
ఇంకో వార్డు పడుకుంటుంది.